బొమ్మ జరిగింది, బొరుసు జరగలేదు

లక్సెట్టిపేట లాంటి ఊళ్లో చిల్లర ఒక్కచోట నిలవదు. కిరాణా గల్లాలోంచి కండక్టరు సంచిలోకి, అక్కడి నుంచి కూరగాయల గంపలోకి, ధర్మపురి దారిలో రాయపట్నం వంతెన మీంచి గోదారమ్మకు వేసే మొక్కులోకి పోతూనే ఉంటుంది. అన్ని బిళ్లల్లో ఎప్పుడో ఒకటి, బొమ్మ పక్కకు జరిగి అచ్చుపడ్డది, చేతికి తగులుతుంది. దొంగ బిళ్ల అని దాన్ని వాపసు ఇచ్చేవాళ్లు ఉన్నారు, లక్షలొస్తాయని పెట్టెలో దాచేవాళ్లు ఉన్నారు. ఇద్దరూ దాన్ని సరిగా చూడరన్నదే నా ఫిర్యాదు. చూడటం అంటే ఏమిటో తేల్చడానికి ఇద్దరు కల్పిత మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు కిరాణా దుకాణం సేటు. ఇంకొకరు ఐటీఐలో ఫిట్టరు పని నేర్పి రిటైరైన సారు. నా మొగ్గు సారు వైపని ముందే చెబుతున్నాను. అయినా సేటు అడిగిన వాటిలో కొన్నింటికి సారు దగ్గర నిండు జవాబు లేదు. లేనిచోట లేనట్టే వదిలాను.

సేటు: సారూ, మీరెంత నచ్చజెప్పినా గీ రూపాయి బిళ్ల నా గల్లాల పడదు. సింహాల దిక్కు చూడుండ్రి, బొమ్మంత ఒక పక్కకు ఒరిగింది. ఒక దిక్కు అంచు ఇంత వెడల్పున్నది, ఎదురు దిక్కు అంచే లేదు, అక్షరాల కొసలు కోసేసినట్టున్నయి. సర్కారు టంకశాల ఇట్ల కొడ్తదా? ఇయ్యాల నేను తీసుకుంటే రేపు పాలపాకెట్ కొన్నోళ్లకు చిల్లరగ ఇయ్యాలె. వాళ్లు తిప్పి నా మీదికే తెస్తరు. పది రూపాయల బిళ్లల సంగతి మీకు తెల్వంది కాదు. మంచి బిళ్లే అయినా ఊరు తీసుకోకపోతే దుకాణం తీసుకోలేదు. దాని పుట్టుకతోని నాకు పనిలేదు, చెల్లుతదా చెల్లదా గదొక్కటి చెప్పుండ్రి.

సారు: చెల్లుబాటు దగ్గరే మొదలుపెడదాం. పది రూపాయల బిళ్లలో అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో బహిరంగంగా చెప్పింది. చెప్పినా మన దగ్గర చాలా దుకాణాలు తీసుకోలేదు. ఒక బిళ్ల ఇంకో బిళ్లలా లేకపోవడమే నేరమన్నట్టు చూశాం. ఈ రూపాయి విషయంలోనూ అదే జరుగుతోంది. 2011 నాటి నాణేల చట్టం ఏమంటుందంటే, రూపాయి, ఆపై విలువ గల బిళ్లలు వెయ్యి రూపాయల దాకా ఎంత మొత్తానికైనా చెల్లుతాయి. కాకపోతే ఎవరూ దాన్ని చెరిపి పాడుచేసి ఉండకూడదు, బరువు నిర్ణయించిన దానికన్నా తగ్గి ఉండకూడదు. ఇప్పుడు ఈ బిళ్లకు ఆ రెండు పరీక్షలూ పెట్టండి. 2019 తర్వాతి రూపాయి బరువు 3.09 గ్రాములు, అడ్డం 20 మిల్లీమీటర్లు. అంతకుముందు 2011లో వచ్చిన నమూనా 3.79 గ్రాములు, దాదాపు 22 మిల్లీమీటర్లు. బంగారం దుకాణం తక్కెడలో వేసి చూస్తే తెలిసిపోతుంది. అయస్కాంతానికి పట్టుకుంటుందో లేదో కూడా చూడండి. ఈ రూపాయలు 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియం కలిసిన ఉక్కు. గోదావరి రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర తీసేది అందుకే. బరువు సరిపోయి, అడ్డం సరిపోయి, అయస్కాంతానికి అంటుకుంటే, బొమ్మ ఒరిగిందన్న ఒక్క కారణంతో దాన్ని కాదనడానికి చట్టంలో మీకు ఆధారం లేదు.

సేటు: బరువంటే దొంగ కూడ సరిజూసుకుంటడు సారూ. ఢిల్లీ దిక్కు అయిదు, పది బిళ్లలు కొట్టే ముఠాలు దొరికినయని పేపర్ల రాలేదా? ఇంట్ల పెట్టుకున్న మిషన్ల కొడితే బొమ్మ ఒరగక నిలువుగ నిలబడ్తదా? సర్కారు పని శుద్ధంగ ఉంటది, దొంగ పని వంకర ఉంటది. నా లెక్క గదే.

సారు: ముఠాలు దొరికింది నిజం. ఏ బిళ్లలతో దొరికారో కూడా మీరే చెప్పారు, అయిదు, పది. 2018లో సమాచార హక్కు కింద ముంబై టంకశాల లెక్కలు బయటకొచ్చాయి. వాటి ప్రకారం పది రూపాయల బిళ్ల తయారీకి 5 రూపాయల 54 పైసలు, అయిదు రూపాయలదానికి 3 రూపాయల 69 పైసలు. రూపాయి బిళ్లకు మాత్రం 1 రూపాయి 11 పైసలు. అంత పెద్ద టంకశాలకే రూపాయి మీద 11 పైసలు నష్టం. ఇంట్లో మిషన్ పెట్టుకున్నవాడు ఏ లాభానికి రూపాయి కొడతాడు? కాబట్టి రూపాయి మీద దొంగ అనుమానం నిలవదు. అయిదు, పది మీద నిలుస్తుంది, కాదనను. అక్కడ కూడా ఒరిగిన బొమ్మ ఏ వైపూ సాక్ష్యం చెప్పదు. దొంగ అచ్చులో అక్షరాలు మొద్దుబారి ఉంటాయి, సన్నగీతలు కలిసిపోతాయి, అంచు మీది గాట్లు తేడాగా ఉంటాయి. మీ చేతిలో ఉన్న బిళ్లను చూడండి. బొమ్మ ఉన్నంత మేర గీత గీతా పదునుగా లేచి ఉంది. చోటు తప్పింది గాని పనితనం తప్పలేదు. వంకరకూ నకిలీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

సేటు: సరే, అసలుదే అనుకుందాం. అయితే అరిగిపోయింది. లేకపోతే ఎవడో రైలు పట్టాల మీద పెట్టిండు, సిమెంటు గచ్చుకు రాసిండు. మంచిర్యాల దిక్కు పిల్లలు చేసే పనే గది. చెడగొట్టిన బిళ్లకు మీరు పెద్ద పేరు పెడుతున్నరు.

సారు: అరిగిందా, కొట్టేటప్పుడే జరిగిందా అన్నది ఊహకు వదలాల్సిన పని లేదు, బిళ్లే చెబుతుంది. అరుగుదల ఎత్తుగా ఉన్నచోట మొదలవుతుంది. సింహాల జూలు, అంకె నడుమ భాగం, అక్షరాల పైకొసలు అరుగుతాయి, పల్లం నిలబడుతుంది. రాపిడికి గీతలు పడతాయి, అవి ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. రైలు చక్రం కింద పడింది సాగిపోయి కోలగా అవుతుంది, రెండు ముఖాలూ చదునవుతాయి. ఇక్కడ అవేవీ లేవు. వెడల్పుగా ఉన్న అంచు నున్నగా, మెరుస్తూ ఉంది. టంకశాలలో ఏం జరుగుతుందో చెబితే ఇది ఎందుకిలా ఉందో తెలుస్తుంది. ముందు ఏ బొమ్మా లేని ఖాళీ బిళ్ల తయారవుతుంది. దాన్ని కాలర్ అనే ఉక్కు వలయంలో కూర్చోబెడతారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. కింది అచ్చు కాలర్ నోట్లోనే ఇమిడి ఉంటుంది, కాబట్టి అది పక్కకు పోలేదు. పై అచ్చు మిషన్ తలకు బిగించి ఉంటుంది. ఆ బిగింపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, పని మధ్యలో పట్టు సడలినా, పై అచ్చు నడిమికి కాకుండా పక్కకు దిగుతుంది. దెబ్బ పడ్డప్పుడు లోహం పక్కలకు పొర్లకుండా కాలర్ ఆపుతుంది గనుక బిళ్ల గుండ్రంగానే ఉంటుంది, బరువూ తగ్గదు. ఒక ముఖం మీద బొమ్మ జరుగుతుంది, రెండో ముఖం చెక్కుచెదరదు. నాణేలు సేకరించేవాళ్లు జరిగిన అచ్చు అనేది దీన్నే. ఏ ముఖాన్ని పైన బిగిస్తారన్నది మిషన్‌ను బట్టి మారుతుంది కాబట్టి, జరిగింది సింహాల వైపైనా కావచ్చు, అంకె వైపైనా కావచ్చు.

దీనికి వేళ్లతో చేసే పరీక్ష ఒకటుంది. సింహాల వైపు అంచు ఎక్కడ అన్నిటికన్నా వెడల్పుగా ఉందో సరిగ్గా అక్కడ బొటనవేలు పెట్టండి. చూపుడు వేలు వెనక అదే చోటికి వస్తుంది. పట్టు వదలకుండా బిళ్ల తిప్పండి. చూపుడు వేలి కింద కూడా అంచు అలాగే వెడల్పుగా ఉండి, ఎదురు దిక్కున ఆ వైపు బొమ్మ కూడా తెగి ఉంటే అచ్చును నిందించకూడదు. ఖాళీ బిళ్లే కాలర్‌లో సరిగా కూర్చోలేదు, దెబ్బ పక్కకు పడింది. అలాంటిది చాలాసార్లు నిండు గుండ్రంగా కూడా ఉండదు, ఒక పక్కకు పొర్లి ఉంటుంది. మీ బిళ్ల తిప్పితే అంకె నడుమనే ఉంది, చుట్టూ అంచు సమంగా ఉంది. ఇంకో రెండు చూపుకు ఇలాంటివే అనిపిస్తాయి గాని వేరు. మన బిళ్లల్లో బొమ్మ తల ఎటుంటే బొరుసు తల అటే ఉండాలి. పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే అంకె నిలువుగా కనిపించాలి. అది వాలి కనిపిస్తే అచ్చు పక్కకు జరగలేదు, ఉన్నచోటే తిరిగింది. అచ్చు ఒక పక్కకు వంగి దిగితే మాత్రం బిళ్ల మందంలో తేడా వస్తుంది, ఒక దిక్కు బొమ్మ లోతుగా, ఎదురు దిక్కు తేలికగా పడుతుంది. పది రూపాయల బిళ్లలో లోపలి చక్రమే పక్కకు కూర్చుంటే అది రెండు లోహాల జోడింపు తప్పు, అచ్చుది కాదు. ఒక్క ముఖం చూసి వీటిలో ఏదీ తేల్చలేం.

సేటు: చూసుడు నేర్చుకున్న, మంచిదే. గని జరిగిన అచ్చు అన్నా, పక్కకు పడ్డ దెబ్బ అన్నా నా గల్లాల రెండూ రూపాయే కద. పేరు తేడాతోని నాకు ఒరిగేదేంది? ఫోన్ల మాత్రం గిసొంటి బిళ్లకు లక్షలిస్తమని రోజు వీడియోలు వస్తున్నయి. మీ పేర్లన్నీ ఆ ఆశను పెంచుడుకే పనికొస్తయనిపిస్తుంది.

సారు: ఆ వీడియోల మీద మీకెంత కోపమో నాకూ అంతే. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్లకు లక్షలంటారు, ముందు రిజిస్ట్రేషన్ అని, పన్ను అని, కమిషన్ అని మన దగ్గరే గుంజుతారు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు, ముద్ర వాడి ఫీజులు వసూలు చేసేవాళ్లను నమ్మొద్దనీ, అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించింది. డబ్బు పోయినవాళ్లు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కానీ ఈ మోసానికి పేర్లు తోడ్పడతాయన్న మాట ఒప్పుకోను. సరైన పేరు దాన్ని అడ్డుకుంటుంది. ఖాళీ బిళ్ల కాలర్‌లో సరిగా కూర్చోకపోవడం ఆ ఒక్క దెబ్బకు జరిగే పొరపాటు. తర్వాతి బిళ్ల మామూలుగా పడుతుంది. అచ్చు బిగింపు తప్పితే అలా కాదు. ఎవరో చూసి మిషన్ ఆపి సరిచేసేదాకా పడిన ప్రతి బిళ్లా అలాగే పడుతుంది. నిమిషానికి వందల బిళ్లలు కొట్టే మిషన్ అది. జరిగిన అచ్చు బిళ్లకు తోబుట్టువులు చాలామంది ఉంటారన్న మాట. తోబుట్టువులున్న బిళ్ల అపురూపమని చెప్పి అమ్మేవాడు తెలియక చెబుతున్నాడు, లేదా తెలిసే చెబుతున్నాడు. కొంచెం జరిగినదానికి సేకరించేవాళ్ల మధ్య కూడా పెద్ద ధర రాదు. బాగా ఎక్కువగా జరిగి, సగం మాట మాయమైన వాటినే వాళ్లు వెతుకుతారు.

సేటు: అయితే మీ నోటితోనే చెప్పిండ్రు, దీనికి ధర లేదని! ఇంకేంది? ఇంకో మాట. అసలు ఏ బిళ్ల నిఖార్సుగ నడుమ ఉంటది? గల్లాల పది తీసి భూతద్దం పెట్టి చూస్తే అయిదింట్ల ఇంతో అంతో తేడా దొరకదా? ఎక్కడి దాక మంచిది, ఎక్కడి నుంచి తప్పు? గీత గీసుడు మీ చేతుల్నే ఉన్నదంటే, రేపు ఎవడైనా ఏ బిళ్లనైనా తప్పు బిళ్లే అని అమ్ముతడు.

సారు: ఇది గట్టి ప్రశ్న, పూర్తిగా ఓడించగలనని అనను. ప్రతి మిషన్‌కూ కొంత వదులు ఉంటుంది. ఫిట్టర్ పనిలో దాన్ని లెక్కలోకి తీసుకునే కొలత ఇస్తాం, అంతవరకు దాన్ని తప్పు అనం. రూపాయి బిళ్లకు బయటివాళ్లం ఆ గీత గీయలేం. చేయగలిగింది ఒకటే. విశేషణాలు మానేసి కొలత చెప్పాలి. వెర్నియర్ కాలిపర్‌తో వెడల్పున్న దిక్కు అంచు కొలవండి, దానికి సరిగ్గా ఎదురు దిక్కు అంచు కొలవండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తే అచ్చు ఎంత జరిగిందో వస్తుంది. ఒక దిక్కు 2 మిల్లీమీటర్లు, ఎదురు దిక్కు 0.4 ఉందనుకోండి, తేడా 1.6, జరుగుడు 0.8. ఇరవై మిల్లీమీటర్ల బిళ్లలో అది నూటికి నాలుగు వంతులు. నూటికి నాలుగు అని రాస్తే కొనేవాడు తనే తేల్చుకుంటాడు. భారీ తప్పు, అరుదైన తప్పు అని రాస్తే అమ్మేవాడే తేల్చేసినట్టు. ఎదురు దిక్కు అంచు పూర్తిగా పోయి అక్షరాలు తెగితే మాత్రం ఈ లెక్క తక్కువ చూపిస్తుంది. అప్పుడు మంచి బిళ్లను పక్కన పెట్టి, వెడల్పు దిక్కు అంచు దానికన్నా ఎంత పెరిగిందో చూడాలి. మీది అలాంటిదే.

ధర లేదన్నారు కదా, ధర లేకున్నా తెలియకపోతే జరిగే నష్టం ఒకటుంది. సంవత్సరం అంకెల కింద చిన్న గుర్తు ఉంటుంది చూడండి. అయిదు మూలల నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారమైతే ముంబై, చుక్కయితే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇప్పుడు అంకె వైపు అచ్చే కిందికి జరిగిందనుకోండి. అంచు పక్కనున్న ఆ నక్షత్రం బిళ్ల దాటిపోతుంది. మన హైదరాబాదు చర్లపల్లిలో కొట్టిన బిళ్లను కోల్‌కతాదని రాసుకుంటాం. ఆ ఏడాది ఆ నమూనా కోల్‌కతాలో కొట్టి ఉండకపోతే, లేని నాణెం ఒకటి పుట్టిందని ఎవరో పుస్తకంలోకి ఎక్కిస్తారు. గుర్తు లేదా, ఉండీ తెగిపోయిందా అన్న తేడా చెప్పగలిగేది అచ్చు జరగడం తెలిసినవాడే.

సేటు: ఒక్కటి చెప్పుండ్రి. మన గోదారి అవతలి ఒడ్డుకు కోటిలింగాల ఉన్నది. అక్కడ దొరికిన శాతవాహనుల నాణేలు చాలావరకు నడుమకు లేవు, నిండుగ లేవు. తాతల నాటి నిజాం హాలీ రూపాయి మీద కూడ సగం రాతే కనబడ్తది. వాటిని ఎవ్వరూ తప్పు అనరు, మ్యూజియంల పెట్టి దండం పెడ్తరు. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెట్ల తప్పయితది?

సారు: నేనడగాలనుకున్నది మీరే అడిగారు. శాతవాహనుల నాణేల్లోనూ, చేత్తో కొట్టిన హాలీ రూపాయిలోనూ అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. సుత్తి దెబ్బ ఎక్కడ పడితే అక్కడి ముక్క అచ్చవుతుంది. పూర్తి బొమ్మ పడుతుందని ఆ పద్ధతి మాట ఇవ్వలేదు. ఇయ్యని మాట తప్పినట్టు ఎట్లా అవుతుంది? మాట ఇచ్చింది కాలర్. మన పెద్దలు ఇంగ్లీషు సర్కారు రూపాయిని కల్దారు అనేవాళ్లు గుర్తుందా? కల్ అంటే యంత్రం. యంత్రంతో కొట్టింది, అందుకే గుండ్రంగా, నడుమకు, అంచు గాట్లతో ఉంటుందని ఆ పేరులోనే ఉంది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1895లో లండన్ నుంచి యంత్రాలు తెప్పించారు, 1903లో సైఫాబాదుకు మారింది. ఆ తర్వాతే చార్మినార్ బొమ్మ ఉన్న నిండు రూపాయి మన చేతికొచ్చింది. 1950లో భారత ప్రభుత్వం తీసుకుంది, 1997లో చర్లపల్లికి వెళ్లింది. నక్షత్రం గుర్తు ఆ టంకశాలదే. నడుమకు పడాలన్న నియమం దానికి వందేళ్ల పైమాటే. ఆ నియమం ఉంది గనుకే తప్పు అన్న మాట పుట్టింది.

పాత నాణేల నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. శాతవాహన రాజుల పేర్లు నిండుగా చదివింది ఎట్లా అనుకుంటున్నారు? ఒక బిళ్ల మీద మొదటి మూడు అక్షరాలు, ఇంకోదాని మీద నడిమివి, మరోదాని మీద చివరివి. ఒకే రకం వాటిని పోల్చి, పక్కపక్కన పేర్చి రాతను పూర్తి చేశారు. పక్కకు పడ్డ బిళ్లలను పనికిరావని కరిగించి ఉంటే ఆ రాతలు మనకు నిండుగా చేరేవి కావు. ఈ రూపాయి మీద చదవడానికి రాజు పేరు లేదు, నిజమే. కానీ ఒకే సంవత్సరం, ఒకే గుర్తు, ఒకే దిక్కు, ఒకే కొలత జరుగుడు ఉన్న బిళ్లలు నాలుగు దొరికితే అవి ఒకే బిగింపు నుంచి వచ్చాయని చాలావరకు నమ్మొచ్చు. కొలత మెల్లగా పెరుగుతూ పోతే అచ్చు పట్టు సడలుతూ పోయిందని అనుమానించొచ్చు. టంకశాల తలుపు దాటకుండా, ఒక ఉక్కు అచ్చుకు ఏమైందో ఊళ్లో కూర్చుని చదవగలగడం నాకు గొప్పగా అనిపిస్తుంది. దానికి ఒక్క పైసా అదనంగా రాకపోయినా.

సేటు: మీకు గొప్ప. నాకు మాత్రం ఒక సంగతి ఇంక మింగుడు పడుత లేదు. మాట తప్పింది టంకశాల అన్నరు. తప్పిన మాటకు నష్టం పడేది ఎవరు? వాపస్ తెచ్చినోడితోని కొట్లాడేది నేను, బ్యాంకు కాదు, టంకశాల కాదు. మీ అసొంటోళ్లు మంచి మంచియి ఏరుకొని కవర్ల పెడితే చిల్లర లేక చాక్లెట్ చేతుల పెట్టేది కూడ నేనే.

సారు: మొదటిదానికి నా దగ్గర మందు లేదు సేటూ. బ్యాంకు బిళ్లలు తీసుకోననకూడదని నిబంధన ఉంది, కానీ కౌంటరు దగ్గర రూపాయి కోసం నిలబడే సమయం మీకు లేదని నాకు తెలుసు. రెండోదానికి మాత్రం చెప్పగలను. కొలిచి, సంవత్సరం, గుర్తు, దిక్కు రాసుకున్నాక బిళ్లను దాచాల్సిన అవసరం లేదు. రెండు ముఖాలకూ ఒక్కో ఫొటో తీస్తే చాలు. బిళ్ల గల్లాలోకే పోవచ్చు. బాగా జరిగినది ఏదో ఒకటి ఉంచుకుంటే మీ చిల్లరకు కొరత రాదు. ఎవరైనా వాపస్ తెస్తే ఆ వేళ్ల పరీక్ష వాళ్ల ముందే చేసి చూపండి, బంగారం దుకాణంలో తూచి రమ్మనండి.

సేటు: చూపెడ్త, ఇనేటోడు ఇంటడు. సరే, ఇగ గల్లా కుమ్మరిస్తున్న. దీని తోబుట్టువులు ఉన్నరో లేరో చూద్దాం.

సారు: రూపాయలు ఒక దిక్కు తీయండి. వాటిలో ఇదే సంవత్సరంవి, దీనిలాగే నక్షత్రం ఉన్నవి. సింహాల వైపు పైకి పెట్టి వరుసగా పేర్చండి, తలలన్నీ ఒక్క దిక్కు ఉండాలి.

సేటు: ఇగో, ఇది ఒరిగింది సారూ. గని మనది కుడి దిక్కు ఒరిగింది, ఇది ఎడమకు.

సారు: అయితే దీని తోబుట్టువు అనలేం. వేరే కుప్ప పెట్టండి. తర్వాతిది చూపండి.